ముప్పై ఏడు నిమిషాల టీ

అవకలన సమీకరణాల పరీక్షలో బురుల్చా అప్పటికి రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే నారిన్ నది ఒడ్డునున్న ఆ కళాశాల రిజిస్టరులోంచి ఆమె పేరు కొట్టేస్తారు.

పాఠం చెప్పేదీ పరీక్ష పెట్టేదీ ఒముర్కుల్ ఆగాయే; ఆగాయ్ అంటే అక్కడ మాస్టారు. ముప్పై ఏళ్లుగా ఆయనది ఒకే నోటుపుస్తకం. దాన్ని చిలకలా వల్లించినవాళ్లు ఆయన దృష్టిలో మేధావులు. 'ఈ స్థిరాంకం విలువ ఎక్కణ్ణుంచి వచ్చింది?' అని అడిగినందుకే బురుల్చా మొదటిసారి తప్పింది.

పరీక్ష రోజు బల్లమీద ప్రశ్నల చీటీలు బోర్లించి ఉన్నాయి. ముందు వెళ్లినమ్మాయి కళ్లు మూసుకుని ఎడమచేత్తో తీసింది. అదృష్టం ఆ చేతిలో ఉంటుందట. నాలుగేళ్లు గణితం చదివి నేర్చింది ఇదా అనుకుంటూ బురుల్చా చేతికందిన చీటీ లాగింది.

పియాలా గిన్నెలో తొంభై డిగ్రీల టీ. గది వేడి ఇరవై. పది నిమిషాలకు టీ డెబ్భైకి దిగింది. నలభైకి ఎప్పుడు దిగుతుంది?

"ఆగాయ్, ఈ పియాలాలో టీ ఎంత పోశారు?"

"చీటీలో రాసుందా ఆ మాట?"

"లేదు. కానీ ఇంటికొచ్చినవాళ్లకి మనం రెండు గుక్కలేగా పోస్తాం. అది పది నిమిషాలకి డెబ్భై దగ్గర ఉండదు, ఎప్పుడో చల్లారిపోతుంది. ఇది నిండా పోసిన పియాలా లెక్క. ఇక లేచి వెళ్లమని చెప్పడానికి తప్ప నిండా ఎవరు పోస్తారు? కావాలంటే కిటికీ దగ్గర థర్మామీటరుంది, పెట్టి చూద్దాం."

"గణితానికి థర్మామీటరు అక్కర్లేదు. మీ నాన్న గొర్రెలు కాస్తాడు కదూ? సాయంత్రం మందని లెక్కపెడతాడా, కడుపు నిండిందా అని ఒక్కోదాన్నీ అడుగుతాడా?"

"రెండూ చేస్తాడు ఆగాయ్. కడుపు చూడకపోతే నాల్రోజుల్లో లెక్కే తగ్గుతుంది."

వెనక బెంచీలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

"నీ గొర్రెల గుడారం తెలివి ఇక్కడొద్దు," అన్నాడాయన. "అన్న మాట వెనక్కి తీసుకుని లెక్క రాయి. లేదా తలుపు అటుంది."

పేరు కొట్టేయించుకుని వాదన గెలిస్తే ఒరిగేదేమీ లేదు. "తీసుకున్నాను," అంది బురుల్చా. టీ చల్లారే వేగం, గదికన్నా అది ఎంత వేడిగా ఉందో దానికి అనుపాతంలో ఉంటుందని రాసింది. చలరాశులను విడదీసి సమాకలనం చేసి, స్థిరాంకం విలువ కట్టింది. ముప్పై ఏడు నిమిషాలు.

"చూశావా? నోరు మూస్తే బుర్ర పనిచేస్తుంది." ఆయన ఆమె మార్కుల పుస్తకంలో 'మూడు' వేశాడు. గట్టెక్కడానికి సరిగ్గా సరిపోయే అంకె. కింద సంతకం చేసి, తన ఖాళీ పియాలా ముందుకు నెట్టాడు. "వెళ్తూ వెళ్తూ కాస్త టీ పోసి పో."

సిరా ఆరేదాకా ఆగి బురుల్చా పుస్తకాన్ని సంచిలో పెట్టుకుంది. కెటిల్ ఎత్తి, టీ అంచున వణికేదాకా పోసింది. రెండు చేతులతో ఆయన ముందు పెట్టింది.

"తాగండి, ఆగాయ్. ఇప్పుడు మీ లెక్క సరిపోతుంది."

ఒముర్కుల్ ఆగాయ్ పియాలా వైపు చెయ్యి చాచి ఆగాడు. ఎత్తితే ఒలుకుతుంది.