రెక్క మీద వేలిముద్ర

అమెరికాలో, విస్కాన్సిన్‌లోని మా గడ్డి రన్‌వే దగ్గర ఒక ఆచారం ఉంది. ఇంట్లో కట్టిన విమానం మొదటిసారి ఎగిరే ముందు, చుట్టుపక్కల విమానాలు కట్టేవాళ్లంతా వచ్చి దాన్ని తడిమి తడిమి చూస్తారు. తప్పు కనిపించిన చోటల్లా నీలం టేపు అంటిస్తారు.

మొదటిసారి ఒక్కరే ఎక్కాలి. నాన్నకూ నాకూ, ఇద్దరికీ పైలట్ లైసెన్సుంది. అందుకే పందెం వేసుకున్నాం. మేం కట్టిన విమానానికి ఎడమ రెక్క ఆయన కట్టాడు, కుడి రెక్క నేను. ఎవరి రెక్కకి తక్కువ టేపులు పడితే వాళ్లే ఎగరాలి.

పక్క షెడ్డు ఆర్విడ్ తాత చీజ్ ముక్క నములుతూ ఎడమ రెక్క కింద దూరాడు.

"ఏమయ్యా లైల్, ఈ బోల్టుకి పిన్ను ఏది? గాల్లో నట్టు ఊడితే నువ్వెళ్లి పట్టుకుంటావా?"

ఒక టేపు పడింది. నాన్న చెవులు ఎర్రబడ్డాయి.

కుడి రెక్క దగ్గర తాత చాలాసేపు ఉన్నాడు. ఇంజినీరింగ్ పరీక్షల్లో కూడా నాకంత చెమట పట్టలేదు. చివరికి అక్కడా టేపు చించాడు.

"గ్రెటా, పెయింటులో నీ వేలిముద్ర పడిందే."

"అదీ తప్పేనా తాతా?"

"ఎగరడానికి కాదులే పిల్లా. అందానికి."

"అయితే చెరొకటి. సమానం," అన్నాను నీరసంగా.

"ఏం సమానం? నాది ప్రాణాలు తీసే తప్పు," అంటూ నాన్న పిన్ను పెట్టి, తాత చేత మళ్లీ చూపించుకుని, తన హెడ్‌సెట్ నా తలకి తగిలించాడు.

"మరి నా వేలిముద్ర?"

"దాని జోలికెళ్లకు. వచ్చినోళ్లందరికీ చూపించుకోవాలి," అని వెనక్కి తిరిగి అరిచాడు. "జరగండ్రా, మా పైలట్ ఎక్కుతోంది!"