బూసే కొరికిన వెండి

కోడి కూసే వేళకే బూసే ఎవరినో ఒకరిని తిడుతూ ఉండేది. పొయ్యి అంటుకోకపోతే పొయ్యిని, అంటుకుంటే పొగని, ఆ రెండూ సవ్యంగా ఉన్ననాడు మొగుడు జెలోని. కడుపులో మాట దాచుకునే మనిషి కాదు. అందుకే ఆవిడ టోపీ బోసిగా ఉండేది.

ఆ కొండ మీద ఆడది పైకి అనకుండా మింగేసిన మాట తెల్లారేసరికి ఆమె టోపీకి వెండై వేలాడుతుంది. చిన్న మాటకి గుండు, పెద్ద మాటకి బిళ్ళ. వానలకి పుట్టగొడుగులు మొలవడం ఎంత మామూలో అదీ అంతే. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసినా బూసే టోపీకి ఎర్రరంగు అద్దిన కోడి ఈకలూ అడవి గింజల దండలూ తప్ప ఒక్క గుండు లేదు. ఏటా ఊయల పండక్కి అందరూ టోపీలు తళతళలాడించుకుంటూ వస్తే, పొరుగింటి మీబా నవ్వేది. "నీది టోపీయా, కోడితోకా బూసే?" అనేది. బూసే ఆ నవ్వుకి తగ్గ జవాబు ఇచ్చేది కానీ, ఇంటికొచ్చి అద్దం తిప్పి పెట్టేసేది.

కోడలు మీచా వచ్చాక ఆ కొరత తీరింది. రెండేళ్ళలో ఆ పిల్ల టోపీ వెండితో నిండిపోయింది. చూడ్డానికి పై ఊళ్ళవాళ్ళు కూడా వచ్చేవారు. ఎంత ఓర్పు, ఎంత ఓర్పు అని బుగ్గలు నొక్కుకునేవారు. ఓర్పట. మింగుతున్న పిల్ల గొంతు ఏమైపోతోందో ఒక్కరికీ పట్టలేదు. బూసేకి అసలే పట్టలేదు. వచ్చినవాళ్ళకి తేనీరు పోసి, కోడల్ని వెలుతురులోకి తిప్పి చూపించేది.

ఆ ఏడు పండగ మొదటి పొద్దున, ఇంటి ఆడది నిండుగా అలంకరించుకుని ఊటకి వెళ్ళి పూర్వీకులకి నీళ్ళు తేవలసిన వేళ, మీచా చాప మీద నుంచి లేవలేదు. తల గోడకి ఆన్చి కూర్చుంది.

"లేవవే. మీబా అప్పుడే బయల్దేరింది."

"తల లేవట్లేదత్తా. బరువుగా ఉంది."

బూసే టోపీ అంచు పట్టి ఎత్తి చూసింది. కాఫీ పళ్ళ బస్తా ఒంటిచేత్తో ఎత్తే మనిషి, దాన్ని రెండు చేతులా కూడా సరిగ్గా లేపలేకపోయింది. ఒళ్ళు మండిపోయింది. ఇంత బరువు ఈ పిల్ల నెత్తికి ఎక్కించిందెవరు? తడిక దాటి మగవాళ్ళ వైపు వెళ్ళి కొడుకు లోతా దుప్పటి లాగేసింది.

"ఏరా, ఏమంటున్నావురా దాన్ని?"

"నేనేమీ అన్లేదమ్మా."

"నువ్వేమీ అనకపోతే అది మింగిందేమిట్రా, గులకరాళ్ళా?"

"పండగ పూట గోలేమిటే," అన్నాడు జెలో. "పిల్ల ఓర్పుగలది."

"ఆ మాట మళ్ళీ నీ నోట వస్తే ఊరుకోను."

అరవై తరాల తండ్రుల పేర్లు గుక్కతిప్పుకోకుండా వల్లించే జెలో చెప్పులు వెతుక్కున్నాడు. ఇద్దరినీ ఇంట్లోంచి తరిమేసి తలుపు వేసింది. మగవాళ్ళ ముందు కోడలి తల బోసిగా కనబడకూడదు కదా. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, కత్తెరతో ఒక గుండు దారం తెంపింది. ఊటకి పిలవడానికొచ్చిన మీబా గుమ్మంలోనే నిలబడిపోయింది.

"వద్దే బూసే. ఆడదాని వెండి కొరకకూడదు."

కొరికితే లోపలి మాట బయటికొస్తుంది. అది అందరికీ తెలుసు. కాబట్టే కొరకకూడదని నియమం పెట్టారు.

బూసే కొరికింది. మీచా పెదవి కదపలేదు గానీ గుండులోంచి ఆమె గొంతే పలికింది. "కూరలో ఉప్పు నేను రెండుసార్లు వెయ్యలేదత్తా. మీరే వేశారు."

మీబా కిసుక్కుమంది. బూసే ఇంకోటి కొరికింది. "ఈ కుట్టు మా అమ్మ నేర్పిందత్తా. ఆవిణ్ణేమీ అనకండి." ఇంకోటి. "వినబడిందత్తా. నాకు చెవుడు లేదు." ఒక్కదాంట్లోనైనా కొడుకు పేరు వస్తుందేమోనని పది కొరికింది, పన్నెండు కొరికింది. అన్నిట్లోనూ అత్తే. ఈ ఇంటికి సరిపడా మాటలన్నీ తనే వాడేసుకుందని, ఆ పిల్లకి మింగడం తప్ప ఇంకేమీ మిగల్లేదని అప్పటికి తెలిసొచ్చింది. కోపం తగ్గలేదు, ఎటు పోవాలో తెలియక తన మీదికే తిరిగింది.

నుదుటి మీది పెద్ద బిళ్ళ కొరికింది.

"జ్వరంగా ఉందత్తా. ఇవాళ గంప మొయ్యలేను."

పోయిన కాఫీ కోతల్లో మాట అది. ఆ సాయంత్రమే మీచాకి నాలుగో నెల కడుపు కాఫీ తోట ఏటవాలు మీదే పోయింది. ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు, గట్టి పిల్ల అని బూసే ఊరంతా చెప్పుకుంది. మర్నాడు వేలాడిన ఈ బిళ్ళని తనే బూడిద పెట్టి మిలమిలలాడేలా తోమింది.

చెవి దగ్గర ఇంకో గుండు వెచ్చగా ఉంది. ఇవాళ తెల్లవారుజామున పుట్టినదే. అదీ కొరికింది.

"మళ్ళీ అప్పట్లాగే నడుం లాగుతోంది. ఐదో నెల. పండగ పూట ఎలా చెప్పను."

బూసే లేచింది. కొండ కింద ఆసుపత్రి ఉంది, లోతాకి బండి ఉంది. బోసి తలతో ఆడది గడప దాటకూడదు గనక తన కోడి ఈకల టోపీ మీచాకి పెట్టింది. మీచా వెండి తన నెత్తిన పెట్టుకుంది. మెడ కటుక్కుమంది.

పండగ మొదటి రోజు ఊరి ద్వారం దాటకూడదు. ఊరి పెద్ద బండికి అడ్డం నిలబడ్డాడు.

"ఇవాళ దాటితే ఊరికి కీడు బూసే."

"కీడు రెండేళ్ళుగా నా ఇంట్లోనే కూర్చుని అన్నం తింటోంది. తప్పుకో."

ఆయన తప్పుకున్నాడు. బండి బురద దారిలో కొండ దిగుతుంటే, ఆ తేలిక టోపీ కింద మీచాకి నోరు వచ్చింది. మొదట ఉప్పు గురించి అంది. తర్వాత వాళ్ళమ్మ గురించి. తర్వాత గొంతు లేచింది.

"నీ వల్లే పోయింది నా బిడ్డ. నీ వల్లే. ఆ బిళ్ళ తోముతూ పాట కూడా పాడావు."

రెండేళ్ళలో అత్తని నువ్వు అనడం అదే మొదలు. స్టీరింగు పట్టుకున్న లోతా తల తిప్పలేదు. బూసే దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. నువ్వు చెబితే కదే నాకు తెలిసేది. నాలుక చివరిదాకా వచ్చిన మాట. బూసే దాన్ని మింగింది. చేపముల్లులా కోసుకుంటూ దిగింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కడుపు జారిపోకుండా కుట్టు వేసి మీచాని మంచం దిగొద్దంది. మర్నాడు పొద్దున బూసే నుదుటి మీద కొత్త గుండొకటి వేలాడింది. మీచా పడుకునే దానివంక చూసి, వేలు పెట్టి తాకింది.

"ఏం మింగావు?"

"అది నాది. నీకెందుకు?"

టోపీలు మళ్ళీ మార్చుకోలేదు.

కొండ మీద కాఫీ పళ్ళు ఎర్రబడ్డ రోజుల్లో, అదే ఆసుపత్రిలో మీచాకి ఆడపిల్ల పుట్టింది. బిడ్డ మూడుసార్లు ఏడ్చాకే ఎత్తుకోవాలన్నది కొండ ఆచారమని నర్సుని ఆపింది బూసే. మూడు అయ్యాయి. బిడ్డ ఆగలేదు. ఊరికి తెచ్చాక కూడా ఆగలేదు. ఇంటికి చూడ్డానికొచ్చిన మీబా చెవులు మూసుకుంది.

"ఇదేం గొంతే తల్లీ. ఊరుకోబెట్టు బూసే, దీని టోపీకి రేపు గుండైనా పుడుతుందా?"

బూసే వంగిన మెడ మెల్లగా ఎత్తింది.

"ఏడవనీ. దీన్ని నోరు ముయ్యమన్నవాళ్ళ నోట్లో ఈ వెండంతా కుక్కుతాను."