ఖాళీ గొలుసు

గడియారాలు బాగుచేసే మేస్త్రీకి ఉన్నట్టుండి కుక్కను పెంచుకోవాలని బుద్ధి పుట్టింది. దిక్కులేని కుక్కలను చేరదీసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, ఆవిడ కుక్కకు బదులు ఓ ఖాళీ గొలుసు చేతిలో పెట్టింది.

"పది రోజులు పొద్దునా సాయంత్రం దీన్ని పట్టుకుని అరగంట నడవండి. ఆ తర్వాత కుక్కనిస్తాను."

మొదటి పొద్దున్నే ఇస్త్రీ దుకాణం ముందు మేస్త్రీ పరువు పోయింది. "ఏం మేస్త్రీ, కుక్క మరీ చిక్కిపోయినట్టుందే!" అన్నాడు ఇస్త్రీ ఆయన. సాయంత్రానికల్లా మేస్త్రీకి మోకాలి నొప్పి వచ్చిపడింది. గొలుసు భార్య చేతికి వెళ్లింది.

పదకొండో రోజుకు నొప్పి మాయం. భార్యను వెంటబెట్టుకుని ఠీవిగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు.

"ఒక్క పూట మానితే ఒట్టు!"

"మంచిది. మీ దారిలో కుక్కను ఎటు పోనివ్వకూడదో చెప్పండి," అంది డాక్టరమ్మ.

మేస్త్రీ తల గోక్కున్నాడు. "అంతా మంచి దారేనమ్మా..."

"పచ్చగేటు దగ్గర గాజుపెంకులున్నాయండీ," అంది భార్య. "మలుపులో బైకులు మీదికొచ్చేస్తాయి. అక్కడ గొలుసు దగ్గరగా పట్టుకోవాలి."

డాక్టరమ్మ కుక్కనిచ్చే కాగితం మీద యజమానిగా ఉన్న మేస్త్రీ పేరు కొట్టేసి ఆమె పేరు రాసింది.

"ఇంట్లో ఇంకే జంతువైనా ఉందా?"

భార్య మొగుడి వంక ఓరగా చూసింది.

"ఒకటుందండీ. తిండికేం లోటు చెయ్యదు, నడకంటేనే మోకాలి నొప్పి."