సూపు చల్లారని ఎండాకాలం

"తలుపు వేసుకో, చల్లదనమంతా అటు పోతోంది" అన్నాడు మా ఆయన హాల్లోంచి. నేను పొయ్యి ముందు నిలబడి సూపు మీద తేలిన నురగ తీస్తున్నాను. అటు అంటే నా వైపు. నా వైపు వచ్చే చల్లదనం ఆయన లెక్కలో పారబోసిన చల్లదనం. చేతిలో గరిటె ఉంది కనక కాలితో తలుపు నెట్టాను.

మేముండేది నీష్ అనే ఊళ్ళో, నాలుగో అంతస్తులో. మా నెత్తిన డాబా, డాబా నెత్తిన సూర్యుడు. ఏసీ కొన్నప్పుడు ఎక్కడ పెట్టాలన్న చర్చ కాఫీ చల్లారేలోపే ముగిసింది. "అందరం కూర్చునే చోట" అన్నాడు మా ఆయన నెబోయ్షా. న్యాయమే. వంటింట్లో ఎవరూ కూర్చోరు. నేనూ కూర్చోను, నిలబడతాను.

నెబోయ్షా అంటే మా భాషలో భయం లేనివాడని అర్థం. నిజంగానే దేనికీ భయపడడు, గాలికి తప్ప. ఎదురెదురు కిటికీలు రెండూ తెరిస్తే మధ్యలో వీస్తుందే, ఆ గాలిని ప్రోమాయా అంటాం. మెడ పట్టేసినా, పన్ను పోటెత్తినా, నడుం లేవకపోయినా, మూతి వంకరపోయినా తప్పు దానిదే. మా అత్తయ్య దెసాంకా ప్రకారం యుద్ధాల్లో పోయినవాళ్ళ కంటే ప్రోమాయాకి పోయినవాళ్ళే ఎక్కువ. అందుకని మా ఇంట్లో ఎప్పుడూ ఒక్క కిటికీయే తెరవాలి. ఏసీ కింద కూర్చునేటప్పుడు కూడా మా ఆయన మెడకి తువ్వాలు చుట్టుకుంటాడు. అత్తయ్య జూలైలో సైతం లోపల ఉన్ని బనీను వేసుకుంటుంది, మేం వేసుకున్నామో లేదో వీపులు తడిమి మరీ చూస్తుంది.

ఇక ఆదివారం సూపు. అది లేనిది భోజనం కాదు. ముందు పొగలు కక్కే సూపు, తరవాత ఓవెన్లో కాల్చిన కోడీ బంగాళాదుంపలూ, ఆ తరవాత ఏదో ఒక తీపి. ఈ వేసవిలో వారానికో కొత్త రికార్డు చెప్తున్నారు టీవీలో, లెక్కలు రాయడం మొదలయ్యాక మన ఊళ్ళో ఇంత వేడి ఎన్నడూ లేదని. మా ఆయన వాటిని ఆటల వార్తలు విన్నట్టు వింటాడు. మన జట్టు గెలిచినంత సంబరం కాస్త మొహంలో కనిపిస్తుంది కూడా. విని, "సూపు అయిందా?" అంటాడు.

కిందటి ఆదివారం కోడిని చూద్దామని ఓవెన్ తలుపు తీసి వంగానో లేదో కళ్ళు బైర్లు కమ్మాయి. చెవుల్లో ఏదో హోరు. తెలివొచ్చేసరికి నేల మీద ఉన్నాను, ఫ్రిజ్‌కి చెంప ఆనించి. ఎంతసేపు ఉన్నానో తెలీదు. లేచి మొహం కడుక్కుని వడ్డించాను. "ఇవాళ ఉప్పు తగ్గింది" అన్నాడు నెబోయ్షా. సాయంత్రం నెమ్మదిగా సంగతి చెప్పాను. పొద్దున్నించీ కాఫీ మీదే ఉంటే పడిపోక ఏం చేస్తావన్నాడు. అత్తయ్య మాత్రం నన్ను ఎగాదిగా చూసి, కిటికీ గాని తెరిచావా అని అడిగింది. కిటికీలు మూసి ఉండబట్టే పడ్డానని గొణుక్కుంటూ గిన్నెలు తోమాను. ఆ వారమంతా ఓవెన్‌కి కాస్త ఎడంగానే నడిచాను. ఈసారి వెనక్కి కాక ముందుకి పడితే?

నేను భూగోళశాస్త్రం చదివాను. దానివల్ల ఈ ఇంటికి ఒరిగింది ఏమిటంటే, మా ఆయన పజిళ్ళు పూరించేటప్పుడు నదుల పేర్లు అందిస్తాను. ఈ ఎండలు ఊరికే రాలేదనీ, మనం కాల్చిన బొగ్గూ చమురూ పొగై ఆకాశాన్ని కప్పేశాయనీ భోజనాల దగ్గర ఎత్తుకుంటే, "మా చిన్నప్పుడూ కాసేవి ఎండలు" అంటాడు. కాసేవి. నాలుగు రోజులు కాసి, ఉరుములతో వాన పడి, రాత్రికి దుప్పటి వెతుక్కునేవాళ్ళం. ఇప్పుడు దుప్పటి అటక మీంచి దిగడం లేదు.

అత్తయ్యకి వేరే విధంగా చెప్పాను. ఆవిడ ఉతికిన బనీన్లు మడత పెడుతుంటే, "మనం తగలేసే బొగ్గంతా భూమికి బనీను తొడగడమే అత్తయ్యా. మా ముత్తాతల నాటి నుంచీ ఒకదాని మీద ఒకటి తొడుగుతూనే ఉన్నాం, విప్పేవాళ్ళు లేరు" అన్నాను.

ఆవిడ చేతిలో ఉన్నదాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఉన్నివా, నూలువా?"

"ఉన్నివే."

"మరి జ్వరం రాదూ" అంది. మా ఆయనకి ఏళ్ళ తరబడి ఎక్కనిది ఆవిడకి నాలుగు బనీన్లు మడత పెట్టేలోపు ఎక్కింది.

సరే, ఈ ఆదివారానికి వద్దాం. కాలితో తలుపు నెట్టాక గోడమీది థర్మామీటరు చూశాను. బయట ఎంత ఉందో టీవీ చెప్తుంది, వంటింట్లో ఎంతో ఏ వార్తల్లోనూ రాదు. మా వంటింటి రికార్డు ఎప్పుడో బద్దలైంది, విలేకరులెవరూ రాలేదు. ఓవెన్లో కోడి చిటపటమంటోంది. దాని తలుపు తియ్యాలి. నా చెయ్యి వెళ్ళలేదు.

అదే సమయానికి నెబోయ్షా పుచ్చకాయ తెస్తానని కిందికి దిగాడు. మా ఊరి మగవాళ్ళు పుచ్చకాయని అంత తొందరగా తేరు. తట్టాలి, చెవి ఆనించాలి, పెదవి విరవాలి, పక్కవాడి కాయ కూడా తట్టాలి. అత్తయ్య చర్చి నుంచి ఇంకా రాలేదు. పక్కింటి రూజికాని పిలిచాను. హాల్లో ఉన్న భోజనాల బల్ల ఓక్ కర్రది, ఏనుగంత బరువు. కాళ్ళ కింద పాత తువ్వాళ్ళు వేసి ఇద్దరం వంటింట్లోకి లాగాం. ఎందుకో చెప్పాక రూజికా దాని మీదే కూలబడి నవ్వింది. తమాషా చూడ్డానికి ఉండిపోతానంది.

"వెళ్ళి నీ బల్ల నువ్వు జరుపుకో" అన్నాను.

మా ఆయనా అత్తయ్యా వచ్చేసరికి మూడు పళ్ళేలు అందంగా పెట్టి, సూపు పోసేశాను. పోసిన సూపు వదిలి లేవడం మా వాళ్ళలో లేదు. మా ఆయన గుమ్మంలో ఆగి, ఇదేమిటి ఇక్కడ అన్నాడు. "అందరం కూర్చునే చోట" అన్నాను. లోపలికి రాగానే తలుపు కూడా వేశాను, చల్లదనం పోకుండా.

మొదటి చెంచాకి ఆయన నుదురు తుడుచుకున్నాడు. రెండో చెంచాకి మెడ మీది తువ్వాలు తీసేశాడు. ఆ తరవాత ముక్కు చివర్నించి చెమట చుక్క సూపులో పడింది. ఓవెన్ తలుపు ఆయన వీపు వెనకే ఉంది. "కోడిని కాస్త తీస్తావా?" అని అడిగాను. తీశాడు. ఆ సెగకి ఒక అడుగు వెనక్కి వేసి, గోడ పట్టుకుని, నా వైపు చూశాడు. చాలాకాలం తరవాత చూసిన చూపు అది.

మా వంటిల్లు రైలు పెట్టెలా పొడుగ్గా ఉంటుంది, ఆ చివరో కిటికీ, ఈ చివరో కిటికీ. ఒకటి తెరిచాడు. ఏమీ కదల్లేదు. రెండోదాని గడియ మీద చెయ్యి వేసి ఆగిపోయాడు.

"అమ్మా?" అన్నాడు, యాభై దాటిన మనిషి.

అత్తయ్య మెడ దగ్గర గుండీ విప్పుకుంటోంది. "తెరువు" అంది.

గాలి వచ్చింది. చల్లగాలేం కాదు, అయినా కదిలే గాలి. కాగితం రుమాళ్ళు ఎగిరాయి. ముగ్గురి మెడలూ దానికి ఎదురుగానే ఉన్నాయి, ఎవరి మూతీ వంకరపోలేదు. అత్తయ్య కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉంది.

"నువ్వు కడుపులో ఉన్నప్పుడు నేనూ ఇక్కడే పడ్డానురా. సూపు మాత్రం పొంగనివ్వలేదు" అంది.

నెబోయ్షా కిటికీ దగ్గర్నించి వెనక్కి తిరిగాడు. "నాకెప్పుడూ చెప్పలేదే."

"అప్పట్లో మీ నాన్నకి చెప్పాను. బిడ్డకేం కాలేదుగా అన్నాడు."

పుచ్చకాయ మా ఆయనే కోశాడు, వంకరటింకరగా. వచ్చే ఆదివారం చల్లటిదేదైనా చేసుకుందామా, పెరుగులో కీరదోసకాయ తరిగి అలాంటిదేదో, అన్నాడు. దోసకాయలు ఫ్రిజ్‌లో కింది అరలో ఉంటాయని చెప్పాను. అత్తయ్య నవ్వాపుకోలేక దగ్గింది. కొడుకు కోసిన ముక్క ఒకటి తీసి నా పళ్ళెంలో వేసింది, నడిమి ముక్క, గింజలు లేనిది.

తినడమయ్యాక ఆయన లేచి బల్ల అంచు పట్టుకున్నాడు. "ఒక చెయ్యి వెయ్యి, హాల్లో పెట్టేద్దాం."

"అక్టోబరు దాకా ఉండనీ, చల్లబడ్డాక చూద్దాం" అన్నాను.

"ఈ మధ్య అక్టోబరులో మాత్రం చల్లబడుతోందా?" అన్నాడు. అన్నాక తన మాట తనకే వినబడినట్టుంది, బల్ల వదిలేశాడు.

నేను ఇంకో ముక్క తీసుకున్నాను. ఇద్దరు పడితే గాని కదిలే బల్ల కాదది. నేను కూర్చునే ఉన్నాను.