గడ్డికీ నాకూ మధ్య రెండు వేళ్ళు

నేను ఒక ఎర్ర తోలు బంతిని. టెస్టు మ్యాచ్ ఆడిన బంతిని. వినడానికి గొప్పగానే ఉంటుంది గానీ, నాలా క్షణక్షణం భయపడుతూ బతికిన వస్తువు ఇంకోటి ఉంటుందనుకోను. విసిరేవాడు నేలకేసి కొడతాడు, ఎదురుగా ఉన్నవాడు బ్యాటుతో కొడతాడు. ఇద్దర్నీ చూసి జనం చప్పట్లు కొడతారు. ఇవాళ ఏదో అయిపోతుంది అని పుట్టినప్పటి నుంచీ నాకు దడే. చివరికి అయ్యింది కూడా. కాకపోతే నాకు కాదు.

మీరట్‌లో ఒక ఇరుకు సందులో పుట్టాను. బెండు ముక్క చుట్టూ ఉన్నిదారం బిగించి చుట్టారు. పైన తోలు తొడిగారు. ఇర్ఫాన్ అనే ముసలాయన నన్ను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని ఒక్కో కుట్టూ లాగాడు. పని అయ్యాక అరచేతిలో తిప్పి చూసి, "ఇది మంచి చోటికే పోతుంది" అన్నాడు. మంచి చోటంటే దెబ్బలు బాగా తగిలే చోటని అప్పుడు నాకు తెలియదు.

పెట్టెలోంచి నన్ను తీసింది ఆ టెస్టు నాలుగో ఇన్నింగ్స్‌కి. ఐదో రోజు మధ్యాహ్నానికి నా రంగంతా పోయి, ఒకవైపు గరుకు తేలిపోయాను. బంతి పడ్డాక చేతులు మారుతూ తిరిగి బౌలర్ దగ్గరికి వెళ్ళాలి కదా, ఆ దారిలో ఎక్కువసేపు నన్ను ఉంచుకున్నవాడు దాలినాయుడు. విజయనగరం వైపు కుర్రాడు, అదే అతని మొదటి టెస్టు. బ్యాట్స్‌మన్ వెనక పక్కగా, స్లిప్‌లో నిలబడేవాడు. పక్కనే వికెట్ కీపర్ షఫీ, గుంటూరువాడు. మన జట్టులో తెలుగు మాట్లాడేది వాళ్ళిద్దరే.

"ఏరా దాలీ, పొద్దున్న అమ్మ ఫోన్ చేసిందా?" అని షఫీ అడిగాడు.

"మూడుసార్లు." దాలినాయుడు నన్ను ప్యాంటుకేసి రుద్దుతున్నాడు. "మొహానికి బంతి తగలకుండా చూసుకోమంది. నీళ్ళు బాగా తాగమంది. మళ్ళీ చేసి, మరీ ఎక్కువ తాగీకు అంది."

"గెలుస్తామని చెప్పలేకపోయావా, ప్రశాంతంగా ఉండేది."

"బాబోయ్! అలా అంటే ఇంకేమైనా ఉందా? దిష్టి."

వాళ్ళింట్లో అదో పద్ధతట. వాళ్ళమ్మ సన్యాసమ్మ దేన్నీ గట్టిగా అననిచ్చేది కాదట. బస్సు దొరికిందా అంటే దొరికినట్టే ఉంది అనాలి. పరీక్ష పాసయ్యావా అంటే అయినట్టే ఉన్నాను అనాలి. ఖాయంగా చెప్పిన మాట ఎవరి కంట్లోనో పడి చెడిపోతుందని ఆమె భయం. ఆ పిల్లాడు ఇరవై నాలుగేళ్ళుగా అలాగే మాట్లాడాడు. ఆవిడని చూసి నవ్వడానికి నాకు నోరు రాదు. నాదీ ఆ రకం గుండే.

సాయంత్రానికి లెక్క తేలిపోయింది. అవతలి జట్టుకి చివరి వికెట్ ఒక్కటే మిగిలింది, పన్నెండు పరుగులు కావాలి. మన ఫాస్ట్ బౌలర్ నన్ను విసిరాడు. బ్యాటు అంచు తగిలి కిందికి, చాలా కిందికి, స్లిప్ వైపు జారాను. అయిపోయింది, గడ్డిలో పడ్డాను అనుకున్నాను. పడలేదు. దాలినాయుడు ముందుకి దూకి కుడిచేతి రెండు వేళ్ళు నా కింద దూర్చాడు. అతని వేళ్ళ వెనకవైపు గడ్డికి రాసుకుంది. నేను మాత్రం ఆ వేళ్ళ మీదే ఉన్నాను. ఈ మాట నేను ఎక్కడైనా చెప్తాను, అడిగేవాడే లేడు.

అందరూ అరుస్తూ పరిగెత్తుకొచ్చారు. బౌలర్ అడ్డం రావడంతో అంపైర్‌కి సరిగ్గా కనిపించలేదు. ఆయన తెల్లజుట్టు పెద్దాయన, నిదానస్తుడు. దగ్గరికొచ్చి, "నువ్వు చెప్పు బాబూ, శుభ్రంగా పట్టావా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. టీవీ చూసే అంపైర్‌కి పంపేముందు మైదానంలో ఉన్న అంపైర్ తన అభిప్రాయం చెప్పాలి. ఆయన అవుట్ అంటే, కాదని గట్టిగా రుజువైతే తప్ప మార్చరు. నాటౌట్ అన్నా అంతే. అంటే ఆ క్షణాన మ్యాచ్ మొత్తం ఈ పిల్లాడి నోట్లో ఉంది.

దాలినాయుడు వేళ్ళకి గడ్డి తెలుస్తోంది, నేనూ తెలుస్తున్నాను. వాడు నా వంక చూసుకున్నాడు. "పట్టినట్టే ఉన్నాను సార్. ఏమో, ఒకసారి చూడండి" అన్నాడు.

"ఏంట్రా ఏమో?" షఫీ గొంతు కీచుమంది. "నీ చేతిలో ఉందిగా! నీకు తెలీకపోతే ఎవడికి తెలుస్తుందిరా?"

అంపైర్ తల ఊపి, నాటౌట్ అనుకుంటున్నానని సైగ చేసి టీవీ అంపైర్‌కి పంపాడు.

దూరం నుంచి తీసే కెమెరాకి లోతు తెలియదు. వేళ్ళూ గడ్డీ నేనూ ఒకదానికొకటి అతుక్కుపోయినట్టు కనిపిస్తాం. పెద్ద తెర మీద నన్ను నేను చూసుకుంటే నాకే అనుమానం వచ్చింది, ఇంక టీవీ అంపైర్‌ని అని ఏం లాభం! నాటౌట్ అన్నారు. ఇంకో మూడు ఓవర్లలో అవతలివాళ్ళు గెలిచారు.

ఆ తర్వాతది చెప్పాలంటే నాకు కష్టం. సగంమంది, నేలకి తగిలిందని తెలిసీ పట్టినట్టు చెప్పాడు, దొంగ అన్నారు. మిగతా సగం, పట్టింది పట్టానని చెప్పుకోలేని దద్దమ్మ అన్నారు. రెండు మాటలూ ఒకే మనిషికి ఎలా అతుకుతాయో ఎవరూ ఆలోచించలేదు. కెప్టెన్ అతనితో మాట్లాడటం మానేశాడు. మళ్ళీ టెస్టుకి పిలవలేదు. తర్వాత రాష్ట్రం జట్టూ పిలవలేదు.

నన్ను ఆ స్టేడియం వాళ్ళు ఒక గదిలో అద్దాల పెట్టెలో పెట్టారు. కింద కాగితం అంటించారు: 'స్లిప్‌లో నేలకు తాకినట్టు తేలిన బంతి.' స్కూలు పిల్లలు వచ్చి అద్దానికి ముక్కులు ఆనించి చదువుకుని పోతుంటారు.

నాలుగేళ్ళకి ఒకరోజు దాలినాయుడు వచ్చాడు. ఒళ్ళు చేశాడు, ఎండకి నల్లబడ్డ మొహం పాలిపోయింది. వెంట ఒకావిడ, చేతిసంచీ గుండెలకి హత్తుకుని. సన్యాసమ్మ అని చూడగానే తెలిసింది. కాగితం మీది అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది.

"ఇదేనేటి నాయినా?"

"ఇదేనమ్మా."

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "ఊర్లో ఇప్పటికీ అడుగుతన్నారు. ఏం చెప్పాలో తెలీక తల దించుకుని వచ్చేస్తన్నాను. దిష్టి తగిల్తే తగిలింది, ఇప్పుడైనా గట్టిగా చెప్పు. పట్టీసినావా, నేదా?"

చెప్పరా అని నేను అద్దం లోపల కొట్టుకున్నాను. నీ వేళ్ళ మీద ఎంత బరువుగా కూర్చున్నానో గుర్తు తెచ్చుకో.

దాలినాయుడు కాగితం వైపు చూశాడు, నా వైపు కాదు. ఏమో అనలేదు. పట్టినట్టే ఉన్నాను అనలేదు. "లేదమ్మా. నేలకి తగిలింది. అందరూ చూశారు గదా" అన్నాడు, స్థిరంగా.

సన్యాసమ్మ ఊపిరి వదిలి కొడుకు వీపు నిమిరింది. "పోన్లే నాయినా. ఆ రోజు పట్టీసినానని అబద్ధమైతే ఆడనేదు నువ్వు. నాకదే చాలు."

ఇప్పుడు ఆడాడమ్మా. తనకే తెలియకుండా, నీ ఎదురుగానే. ఈ మాట అనడానికి నాకు నోరు లేదు. వాళ్ళిద్దరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు.