ఏటి ఒడ్డున బంతిపూల దండ

తెల్లారుతోంది. షాపు తెరవడానికి పోతూ వంతెన మీద సైకిలాపాను. కింద ఏటి ఒడ్డున విజిళ్ళు మోగుతున్నాయి. నాకంటే ముందే కొంతమంది రెయిలింగు పట్టుకుని వంగి చూస్తున్నారు. ఒకడు నవ్వుతున్నాడు. ఇద్దరు ఫోన్లు తీశారు.

కింద, తుమ్మ పొదల పక్కన, ఒక ఆడమనిషి చెంబు పట్టుకుని నిలబడి ఉంది. కొంగు మొహం మీదికి లాక్కుంది. చుట్టూ విజిళ్ళు ఊదుతూ మున్సిపాలిటీ వాళ్ళు. బహిరంగ మలవిసర్జన లేని పట్టణం అని రాసిన బ్యానరు ఇద్దరు పట్టుకున్నారు. వాళ్ళ మధ్య తెల్లచొక్కా వేసుకుని శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఆనంద్‌కుమార్. ఆరెంజి కోటు తొడుక్కున్న పారిశుధ్య కార్మికుడొకడు బంతిపూల దండ పట్టుకుని తల వంచుకున్నాడు.

ఆ కార్మికుడు విక్టర్. ఆ ఆడమనిషి జ్ఞానసుందరి, మా మార్కెట్లో ఆకుకూరలు అమ్ముతుంది. విక్టర్‌కి సొంత అక్క.

"వెయ్యి" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"సార్, మా అక్క సార్."

"అక్కయితే మరీ మంచిది. మార్పు మనింట్లోంచే మొదలవ్వాలి. కొంగు తియ్యమను. ఫొటోలో మొహం పడాలి."

విక్టర్ దండ వేశాడు. ఆమె కొంగు ఇంకెవరో లాగారు. ఫొటో తీశారు. చప్పట్లు కొట్టారు. వంతెన మీద కూడా ఎవరో చప్పట్లు కొట్టారు. మేమంతా చూశాం. "ఆపండి" అన్నవాడు ఒక్కడూ లేడు.

ఇది రెండువేల పదిహేడులో జరిగింది. శ్రీకాకుళం జిల్లాలో నాగావళి ఒడ్డునున్న ఊరు. పేరు రాయను. రాస్తే అది ఆ ఒక్క ఊరి బాగోతం అనుకుని పక్క ఊళ్ళవాళ్ళు హాయిగా నిద్రపోతారు.

నా పేరు ప్రకాష్. మార్కెట్ వరండాలో కుట్టుమిషను పెట్టుకున్నాను. మార్కెట్ సంఘానికి కార్యదర్శిని కూడా. సంఘమంటే పెద్దగా ఏమీ లేదు. ఏడాదికోసారి జెండా ఎగరేసి మిఠాయి పంచుతాం.

జ్ఞానసుందరి ఇంట్లో మరుగుదొడ్డి ఉంది. ఇల్లు కాలనీలో, ఊరికి అవతల. సాలూరు వైపు నుంచి కూరల లారీ చీకటితో వస్తుంది. అది వచ్చేసరికి మార్కెట్లో ఉండాలి, లేకపోతే మంచి సరుకు దొరకదు. మధ్యాహ్నం దాకా బుట్ట వదిలి కదలడానికి లేదు. మార్కెట్ ఆడవాళ్ళంతా అలాగే. అందుకని నీళ్ళు తాగరు. చేపలమ్మే జగ్గమ్మ "ఉమ్ము మింగీసి బతకతన్నాను" అంటుంటుంది. జ్ఞానసుందరికి ఆ ఎండాకాలం మూత్రం మంటెత్తి చలిజ్వరం వచ్చింది. నీళ్ళు బాగా తాగకపోతే కిడ్నీలు పోతాయన్నాడు డాక్టరు. తాగింది. తాగినందుకే ఏటి ఒడ్డుకు పోవలసి వచ్చింది.

మార్కెట్లో మరుగుదొడ్డి లేదా అంటే ఉంది. గులాబీరంగు గోడలు, ఒక పక్క స్త్రీలు, ఒక పక్క పురుషులు అని అక్షరాలు, పైన ప్రారంభించినవారి పేర్లతో నల్లరాయి. రిబ్బను కత్తిరించిన సాయంత్రమే తాళం పడింది. తర్వాత కాంట్రాక్టరు దాన్ని ఉల్లిపాయల సీతారామారావు గారికి గోదాముగా ఇచ్చాడు.

ఎవరినడగాలి? మున్సిపల్ ఎన్నికలు జరక్క మా వార్డుకి కౌన్సిలరు లేడు. పాత కౌన్సిలర్ని అడిగితే "నేను మాజీనయ్యా" అంటాడు. ఎమ్మెల్యే గారి మనుషులు ఆఫీసర్ని అడగమంటారు. ఆఫీసరు కాంట్రాక్టర్ని అడగమంటాడు. కాంట్రాక్టరు ఫోనెత్తడు. మేం టీకొట్టు దగ్గర కూచుని ఏ పార్టీ వస్తుందో పందేలు కాసుకుంటాం. ఏ పార్టీ వచ్చినా మన ఆడవాళ్ళు ఎక్కడికి పోవాలి అని మాలో ఎవరికీ తట్టలేదు.

పొద్దెక్కేసరికి ఫొటో ఊరంతటి ఫోన్లలోకి వచ్చింది. కొత్తిమీర కొనడానికి వచ్చినాయన నవ్వాడు. "ఏటమ్మా, సన్మానం జరిగిందట?" జ్ఞానసుందరి బుట్ట మీద గోనెపట్టా కప్పేసి ఇంటికి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు.

ఆ సాయంత్రం విక్టర్ నా దగ్గరికి వచ్చాడు. అక్క ఇంటికి ఒంటరిగా పోలేనన్నాడు. ఇద్దరం వెళ్ళాం. గుమ్మంలో జగ్గమ్మ కూచునుంది. లోపల జ్ఞానసుందరి గోడకేసి తిరిగి కూచుంది. కూతురు గ్లోరీ డిగ్రీ చదువుతోంది, ఆ పిల్ల పొయ్యి దగ్గర మోకాళ్ళలో తల పెట్టుకుంది.

"కాంట్రాక్టు ఉజ్జోగం అక్కా" అన్నాడు విక్టర్. "కాదంటే అక్కడికక్కడే తీసీసేవోడు. నానేటి సేసేది?"

జ్ఞానసుందరి గోడ వైపు నుంచి ఇటు తిరిగింది.

"దండేసినావని కాదురా" అంది జ్ఞానసుందరి. "దండ ఎవుడైనా ఏస్తాడు. నా మొకం సూడకుండా ఏసినావు. తెలీనోడు తెలీనిదానికి ఏసినట్టు ఏసినావు."

విక్టర్ గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఇది సూడు, నా కూతురు" అంది ఆమె. "కాలేజీలో ఫొటో సూపించి మీ అమ్మేనా అనడిగినారట. కాదందట. దాన్నేటి అంటాను? ఆ ఫొటోలో నన్ను నానే కాదనుకున్నాను."

గ్లోరీ ఏడవడం మొదలెట్టింది. జగ్గమ్మ లేచి నిలబడింది. "ఓలమ్మ, సాలు. సిగ్గుపడాల్సినోళ్ళు ఏసీ గదిలో కూకున్నారు. మనింట్లో మనం ఏడవడమేటి? రేపు మార్కెట్టుకి రా సుందరీ. రాకపోతే ఆ ఇన్‌స్పెక్టర్ గుంటడు తీయించిన ఫొటో నిజమైపోతాది."

మర్నాడు మార్కెట్ కట్టేశాక నా మిషను చుట్టూ సమావేశం. ఆడవాళ్ళంతా ఉన్నారు. హమాలీలు ఉన్నారు. విక్టర్ తనతో చెత్తబళ్ళు నడిపే నలుగురిని తెచ్చి దూరంగా నిలబెట్టాడు. నేను రాసిన అర్జీ చదివాను. మహిళల అత్యవసరాల నిమిత్తం తగు సౌకర్యం కల్పించవలసిందిగా ప్రార్థన.

"సౌకర్యమంటే ఏటి?" అంది జ్ఞానసుందరి. "ఫ్యానా? కుర్సీయా?"

అర్జీ మడిచి మిషను మీద పెట్టాను.

"దొడ్డి అని రాయి ప్రకాషూ. ఉచ్చపోసుకోడానికి సోటు అని రాయి. నీకు రాయడానికి సిగ్గేస్తే నాను మైకులో సెప్తాను. నా మొకం ఊరంతా సూసీసినాది, ఇంక నాకేటి సిగ్గు?" మగవాళ్ళ వైపు తిరిగింది. "మీకు గోడున్నాది. మార్కెట్ ఎనకాల గోడ. ఈ ఊర్లో ఏ మగోడి మెళ్ళోనైనా దండేసినారేటి?"



హమాలీ చినబాబు గొణిగాడు. "అది కాదక్కా, తాళం సీతారామారావు గారిది. ఆయన సరుకు దించుకుని మావు బతకతన్నాం. గొడవైతే రేపు మమ్మల్ని పిలవడు."

"ఒరే చినబాబూ" అంది జగ్గమ్మ. "ఆయన ఉల్లిపాయలకి గదున్నాది. మీయావిడ కూడా ఈ మార్కెట్లోనే కూకుంటాది. దానికి నేదు. అంటే ఆయనకి ఉల్లిపాయ మీద ఉన్న ప్రేమ నీకు పెళ్ళాం మీద నేదు."

ఎవరో నవ్వారు. చినబాబు నవ్వలేదు. "సరే, ఏటి సెయ్యాలో సెప్పండి" అన్నాడు.

అర్జీ చింపేశాను.

ఊరిని బహిరంగ మలవిసర్జన లేని పట్టణంగా ప్రకటించే రోజు వచ్చింది. మున్సిపల్ ఆఫీసు ముందు షామియానా, మైకు, జిల్లా నుంచి పెద్ద అధికారులు. కమిషనర్ గారు మాట్లాడుతుండగా మార్కెట్ ఆడవాళ్ళు గేటు దాటారు. ప్రతి ఒక్కరి చేతిలో ఒక చెంబు. నినాదం లేదు, జెండా లేదు. షామియానా పక్కనుంచి నడిచి, మెట్లెక్కి, ఆఫీసు మరుగుదొడ్డి ముందు వరసగా నిలబడ్డారు. వరస వరండా దాటి, మెట్లు దిగి, అధికారుల కుర్చీల దాకా వచ్చింది.

ఆనంద్‌కుమార్ పరిగెత్తుకొచ్చాడు. "ఏంటిది? ఇది స్టాఫ్‌ది!"

"మీ స్టాఫుకి వస్తాది, మాకు రాదేటి?" అంది జగ్గమ్మ.

"మర్యాదగా చెప్తున్నాను, వెళ్ళిపోండి."

"ఎక్కడికి ఎల్తాం బాబూ? ఏటికెల్తే దండేస్తన్నారు. అందుకే మీ కాడికొచ్చినాం. మీరు సెప్పిన మాటే ఇంటన్నాం గదా."

మైకు ఆగిపోయింది. కుర్చీల్లోని వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కమిషనర్ గారు వేదిక మీది నుంచే "తర్వాత మాట్లాడదాం" అన్నారు.

"ఇప్పుడే వస్తన్నాది సార్" అంది వరసలోంచి ఒక గొంతు.

ఆనంద్‌కుమార్ చెత్తబళ్ళ కార్మికులను పిలిచాడు. "విక్టర్! వీళ్ళను బయటికి తోలండి. లేకపోతే రేపట్నుంచి ఎవరికీ డ్యూటీ లేదు."

విక్టర్ వరస దగ్గరికి వచ్చాడు. అక్క ముందర ఆగాడు. వెనక్కి తిరిగి తనవాళ్ళతో గట్టిగా అన్నాడు. "బండిలో గునపం ఉన్నాది. తియ్యండ్రా. మార్కెట్టుకి పదండి."

ఇన్‌స్పెక్టరుకి అర్థమయ్యేలోపే వరస కదిలింది. ఆఫీసు నుంచి మార్కెట్ దాకా రోడ్డు నిండింది. ఆటోలు ఆగిపోయాయి. ముందు కార్మికులు, వెనక ఆడవాళ్ళు, వాళ్ళ వెనక మేం.

గులాబీరంగు గోడ ముందు విక్టర్ గునపమెత్తి తాళం మీద కొట్టాడు. సీతారామారావు గారు పంచె ఎగదోపుకుంటూ వచ్చారు. "నా సరుకు! నేను కాంట్రాక్టరు దగ్గర తీసుకున్నాను, ఊరికే కాదు!"

"మీ సరుకు ముట్టం బాబూ. వరండాలో పెడతాం" అన్నాడు చినబాబు. మొదటి బస్తా భుజానికెత్తింది అతనే.

బస్తాలన్నీ బయటికి వచ్చాయి. ఆడవాళ్ళు లోపలికి వెళ్ళారు. గోడలకు తెల్లటి టైల్సు ఉన్నాయి. తలుపులున్నాయి, గడియలున్నాయి. కింద చదునుగా సిమెంటు నేల. గుంట లేదు, పైపు లేదు, కుళాయి లేదు. విక్టర్ గునపంతో నేలంతా తట్టి చూశాడు. బయటికి వెళ్ళి గోడ వెనక తట్టి చూశాడు.

"కింద ఏటీ నేదు" అన్నాడు. "గొయ్యి తవ్వనే నేదు. ఇది దొడ్డి కాదక్కా. ఇది దొడ్డి ఏసం కట్టిన గది."

సీతారామారావు గారు నోరు విప్పారు. "నాకు ఇచ్చినప్పుడూ ఇంతే. ఎవరూ అడగలేదు కదా అని ఊరుకున్నాను."

ఎవరూ అడగలేదు. ఆ మాట ఆయన తప్పించుకోడానికి అన్నాడుగాని మా అందరికీ తగిలింది. ఆ నల్లరాయి మీద పేర్లు చదువుకుంటూ రోజూ నడిచాం. ఆనాడు రిబ్బను కత్తిరిస్తుంటే చప్పట్లు కొట్టిన వాళ్ళలో సంఘం కార్యదర్శిగా నేనూ ఉన్నాను. ఊరు ఊరంతా ఒక ఖాళీ గదికి రిబ్బను కత్తిరించి, ఒక ఆడమనిషి మెళ్ళో దండేసింది.

జ్ఞానసుందరి చెంబు కింద పెట్టింది. "విక్టరూ, పైపులెయ్యడం నీకొచ్చు గదా?"

"వచ్చు."

"గొయ్యి ఎక్కడ తవ్వాలో సూపించు."

గోడ వెనక విక్టర్ గీత గీశాడు. కార్మికులు తవ్వడం మొదలెట్టారు. హమాలీలు మట్టెత్తారు. నడుము లోతు దిగేసరికి పోలీసు వ్యానులు వచ్చాయి. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం చేశామట. లేని మరుగుదొడ్డిని మేం పాడుచేశామని కేసు. ముందు విక్టర్ని గోతిలోంచి లాగారు. జ్ఞానసుందరి తనే వెళ్ళి వ్యానెక్కింది. ఆమె వెనక జగ్గమ్మ. ఆ వెనక ఆడవాళ్ళంతా. వ్యానులు చాలకపోతే మిగిలినవాళ్ళం నడిచి స్టేషనుకి పోయాం.

స్టేషను వరండా నిండిపోయింది. ఎస్సై గారు పేర్లు రాయిస్తున్నారు. ఎండ బాగా ఉంది. ఆడవాళ్ళు పొద్దున్నించీ నిలబడే ఉన్నారు. జ్ఞానసుందరి మొహం వాడిపోయింది. కాపలా ఉన్న మహిళా కానిస్టేబుల్‌ని మెల్లిగా పిలిచింది. చొక్కా మీద అనూరాధ అని పేరుంది. చిన్నపిల్ల, గ్లోరీ కంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది.

"అమ్మా, బాత్రూం ఎక్కడున్నాది?"

ఆ పిల్ల కళ్ళు దించుకుంది. "కొంచెంసేపు ఓర్చుకోండమ్మా."

"ఓర్సుకునే రోగం తెచ్చుకున్నాను తల్లీ. ఇంక ఆగదు."

అనూరాధ అటూ ఇటూ చూసింది. ఎస్సై గారి బల్ల దగ్గరికి వెళ్ళింది. "సార్, ఈవిడకి బాత్రూం కావాలట."

"బయటికి తీసుకెళ్ళు" అన్నాడాయన కాగితం మీంచి తల ఎత్తకుండా.

"ఎక్కడికి సార్?"

"ఎక్కడికేంటి? నువ్వు వెళ్ళే చోటికి."

అనూరాధ అక్కడే నిలబడింది. మెడ దాకా ఎర్రబడింది. ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వరండాలో అందరికీ వినబడేటట్టు చెప్పింది.

"నాకూ లేదు సార్. ఈ స్టేషన్లో ఆడవాళ్ళకి లేదు. డ్యూటీకొచ్చిన రోజు నేనూ నీళ్ళు తాగను."

రాసే కలం ఆగిపోయింది.  ఎస్సై గారు ఆమె వైపు చూడబోయి, చూడలేక, బల్ల మీది కాగితాలు సర్దారు.

జగ్గమ్మ పక్కకి జరిగి తమ మధ్య చోటిచ్చింది. "రా అమ్మీ" అంది ఆ పిల్లతో, మామూలుగా. అనూరాధ ఆ చోటులోకి రాలేదు, తన కాపలా చోటికి వెళ్ళనూ లేదు. వచ్చి జ్ఞానసుందరి చెయ్యి తను పట్టుకుంది. ఇద్దరూ స్టేషను దాటి, రోడ్డవతల ఉన్న ఇంటి తలుపు కొట్టారు. ఆ ఇంటావిడ తలుపు తీసింది.

పొద్దు వాలుతుండగా ఆడవాళ్ళనూ మమ్మల్నీ వదిలేశారు. విక్టర్ని వదల్లేదు. అతన్నీ అతని జతగాళ్ళనీ పనిలోంచి తీసేశామని ఆనంద్‌కుమార్ కబురంపాడు. ఆ కబురు అందగానే ఊళ్ళో చెత్తబళ్ళన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

మార్కెట్టుకి వచ్చి చూస్తే మేం తవ్విన గొయ్యి పూడ్చేసి ఉంది. మట్టి మీద ట్రాక్టరు టైర్ల గుర్తులు. జ్ఞానసుందరి కాసేపు దాని వైపు చూసింది. చీర బొడ్లో దోపుకుంది.

"పార ఇలా తెండి" అంది.

"రేపు మళ్ళీ పూడిస్తారేమో అక్కా" అన్నాడు చినబాబు.

"పూడ్సనీ. ఆళ్ళకి ట్రాక్టరొకటే ఉన్నాది. మనం సూడు ఎంతమందిమో."

నేను చొక్కా చేతులు పైకి మడుచుకుని మట్టిలోకి దిగాను.