రెండు దుప్పట్ల పాట

మా అమ్మాయి కాపురం కూలిపోతోందని నాకు ఫోన్‌లో, గిటార్‌తో సహా తెలిసింది.

అమ్మాయి, అల్లుడు, పిడుగు అని పిలిచే డ్రమ్మరు కలిసి ఒక రాక్ బ్యాండ్ పెట్టుకున్నారు. వెనక ఏ కంపెనీ లేదు. ఇంట్లోనే పాడి, వాళ్ళే విడుదల చేసుకుంటారు. మొదటి సింగిల్, అంటే విడిగా వదిలే ఒక్క పాట, అమ్మాయి నాకు పంపి, "విని చెప్పమ్మా, మధ్యాహ్నం ఆఖరి రికార్డింగ్" అంది.

విన్నాను. 'నీ దుప్పటి నీది, నా దుప్పటి నాది. నువ్వు దగ్గితే నేను అటు తిరుగుతా. ప్రేమ ఎప్పుడు వెళ్ళిపోయిందో ఇద్దరం చూసుకోలేదు.'

ఫోన్ పట్టుకుని హాల్లోకి పరుగెత్తాను.

"ఏమండీ, అమ్మాయి విడాకులు తీసుకుంటోంది!"

మా ఆయన పేపరు మడిచారు. "ఎవరు చెప్పారు?"

"అదే పాడింది."

"ట్యూన్ బాగుందా?"

ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతాం! స్కూటర్ తీయించి లాక్కొచ్చాను. వాళ్ళ అపార్ట్‌మెంట్ ముందు నన్ను దింపి, బండి పెట్టి వస్తానని ఆయన పక్క సందులోకి వెళ్ళారు.

తలుపు తీసే ఉంది. ముగ్గురూ వంటగదిలో టీ పెట్టుకుంటున్నారు. నేను చడీచప్పుడు కాకుండా పడకగదిలో దూరాను. మంచం మీద ఒక్క దుప్పటి లేదు! అన్నీ గోడలకు వేలాడుతున్నాయి, మధ్యలో మైకు. శబ్దం గోడలకు కొట్టి మోగకుండా అలా కడతారని తర్వాత తెలిసింది గానీ, అప్పుడు మాత్రం పంపకాలు అయిపోయాయనే అనుకున్నాను. బాత్రూములో చూస్తే బ్రష్షులు చెరో గ్లాసులో ఉన్నాయి. ఇంక ఒక్క పరీక్షే మిగిలింది.

వంటగది గుమ్మంలో నిలబడి, "అల్లుడుగారూ, ఒక్కసారి దగ్గండి" అన్నాను.

మర్యాదస్తుడు, పాపం. కారణం అడక్కుండా దగ్గాడు. అమ్మాయి తల కూడా తిప్పకుండా టీ వడబోస్తోంది.

"గట్టిగా బాబూ!"

ఈసారి పొలమారి నిజం దగ్గే పట్టుకుంది. పిడుగు అతని వీపు మీద డ్రమ్ము వాయించినట్టు వాయించాడు. అమ్మాయి జల్లెడ వదిలేసి పరుగెత్తుకొచ్చి, "మొగుణ్ణి చంపేస్తావేంట్రా!" అని పిడుగుని తోసి, నీళ్ళు తాగించింది. తర్వాత నా వైపు తిరిగింది. "అమ్మా, నీకేమైంది?"

"నా దగ్గర దాచకే తల్లీ. ప్రేమ పోయిందన్నావుగా. కాళ్ళు పట్టుకుంటాను, ఎవరివి పట్టుకోవాలో చెప్పు."

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. అల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"అత్తయ్యా, పాట రాసింది నేను. అది మా గురించి కాదు. పోయిన నెల మీ ఇంట్లో నాలుగు రోజులున్నాం కదా..."

"మీ ఇద్దరి గురించమ్మా" అంది అమ్మాయి, నేల చూపులు చూస్తూ.

"హమ్మయ్య! మా గురించేనా!" అంటూ కుర్చీలో కూలబడ్డాను. పోయిన ప్రాణం లేచొచ్చింది. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

"కోపం రాలేదా ఆంటీ?" అన్నాడు పిడుగు.

"కోపమెందుకు నాయనా, ఉన్నమాటేగా. అయినా సగమే రాశారు. నేను మాట్లాడుతుంటే ఆయన ఊఁ కొడుతూనే నిద్రపోతారు, అది రాయండి. నా పుట్టినరోజు ఎప్పుడంటే నెల చెప్తారు, తేదీ దాటేస్తారు. అదీ రాయండి."

అల్లుడు గబగబా రాసుకున్నాడు. "మూడో చరణం వచ్చేసింది! ఆఖరి లైను ఒక్కటి చెప్పండి. మామయ్య కనిపించకపోయినా మీకేమీ అనిపించదు, అంతేనా?"

"బండి పెట్టడానికి ఇంతసేపా?" అన్నాను.

"ఏంటీ?"

"పావుగంటయింది! నేను దిగేటప్పుడు ఆ సందులో నీళ్ళ ట్యాంకరొకటి వెనక్కి వస్తోంది. ఆయనకి ఎడమ చెవి వినపడదు!"

చెప్పులు కూడా వేసుకోకుండా, "ఏమండీ! ఏమండీ!" అని అరుస్తూ మెట్లు దిగాను. మొదటి అంతస్తులో ఎవరిదో తలుపు తీసి ఉంది. మా ఆయన వాళ్ళ సోఫాలో కూర్చుని పేపరు చదువుతున్నారు.

"అమ్మాయి బయటికెళ్ళినట్టుందే" అన్నారు.

చొక్కా పట్టుకుని ఊపేశాను. "మీకేమైనా అయితే నేనేమైపోవాలి!" అని బావురుమన్నాను.

పైన మెట్ల దగ్గర నుంచి, పిడుగుతో అంటున్న అల్లుడి నీరసమైన గొంతు వినిపించింది.

"కొట్టెయ్. మూడో చరణం మొత్తం కొట్టెయ్."